పాటలో పాము

మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికి చేరగానే సీసాలక్క చేసే మొదటి పని, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని రెండు కాళ్లూ అందులో పెట్టుకు కూర్చోవడం. రెండో పని, ఒళ్లో చెక్క పెట్టుకుని దాని మీద లాప్‌టాప్ తెరవడం. మూడో పని మాత్రం తొమ్మిది రోజులుగా ముందుకు జరగడం లేదు.

ఆమెకు యాభై మూడేళ్లు. సీసాల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. కడిగిన సీసాలు బెల్టు మీద ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వస్తుంటే, వెనకనున్న దీపం వెలుగులో పగుళ్లు చూసి చెడ్డవాటిని ఏరి పారెయ్యడం ఆమె పని. వెంట్రుకంత గీత కూడా ఆమె కన్ను దాటి పోదని పేరు. మేడలో ఉన్న పద్దెనిమిది ఇళ్లవాళ్లూ ఆమెను సీసాలక్క అనే పిలుస్తారు. భర్త పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు. పదేళ్ల కింద కొన్న రికార్డింగు మిషనే కాలక్షేపం. ఉన్న ఒక్క చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుంది. బడిలో టీచరు. ఆమె భర్త టాక్సీ నడుపుతాడు.

చెల్లెలికి మెడలో కాయ లేచింది. ఆపరేషన్ చేసి తియ్యాలన్నారు. గొంతుకు వెళ్లే నరం ఆ పక్కనే ఉంటుందనీ, జాగ్రత్తగానే చేస్తామనీ, అయినా గొంతు మారొచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట విని చెల్లెలు ఏడవలేదు. ఇంటికొచ్చి, "అక్కా, ఆపరేషన్‌కి ఇంకా మూడు ఆదివారాలున్నాయి. అమ్మ పాటలన్నీ పాడేస్తాను, నీ మిషనులో పట్టుకో" అంది.

సీసాలక్క వెనక గదిలో బీరువా తలుపులు తెరిచి, గోడలకు దుప్పట్లు, పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీసి, మైకు మధ్యలో నిలబెట్టి పట్టుకుంది. మూడు ఆదివారాల్లో పదకొండు పాటలు. అన్నీ వాళ్లమ్మ పని చేసుకుంటూ సొంతంగా కట్టుకున్నవే. ఒకటి కుంటి కోడి మీద, ఒకటి ఎప్పటికీ ఆరని తడి బట్టల మీద, ఒకటి పిల్లలు నిద్రపోకపోతే ఆవిడ తన అత్తగారిని తిట్టుకుంటూ పాడిన జోల. చెల్లెలికి మెడలో నొప్పి కాబట్టి గట్టిగా పాడలేదు. మైకుకి జానెడు దూరంలో కూర్చుని, పక్కన పడుకున్న బిడ్డకి పాడినట్టు పాడింది. పాట చివర గొంతు తగ్గుతూ తగ్గుతూ, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోయేది.

ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. కాయ క్యాన్సర్ కాదన్నారు. గొంతు మాత్రం మారింది. తాటాకు మీద గాలి రాసుకుపోతున్నట్టు, సగం మాట, సగం ఊపిరి. నరం సాగిపోయిందనీ, ఆరు నెలల్లో గొంతు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చనీ చెప్పారు. చెల్లెలు మొదటి వారం రోజూ "అయిందా అక్కా?" అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

అన్నీ అయ్యాయి. దగ్గులు కత్తిరించింది, ఎగుడు దిగుళ్లు సరిచేసింది, చిన్నగా వినబడే పాటల శబ్దం పెంచింది. మిగిలింది ఒక్కటే, డిస్కు ఎక్కించడం. మరిది కారులో ఉన్న పాత ప్లేయరు డిస్కులు తప్ప మరేదీ తీసుకోదు. డిస్కు చెయ్యబోయే ముందు తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకునేది. డిథర్ వెయ్యాలా, వద్దా. వేస్తే, నాయిస్ షేపింగ్ అసలు వద్దా, తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా.

సీసాలక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుంటి కోడి పాట చివరి పది సెకండ్లు నాలుగు రకాలుగానూ వినేది. వరస తిరగేసి వినేది. కళ్లు మూసుకుని వినేది. నాలుగూ ఒకేలా ఉండేవి. ఎక్కడో తేడా ఉండాలి, అలసట వల్ల తనకు తెలియడం లేదు, రేపు వింటే తెలుస్తుంది అనుకునేది. బకెట్లో నీళ్లు చల్లబడేవి.

తొమ్మిదో రోజున మరిది చెల్లెలు వండి పంపిన కూర డబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఇంకా అక్కడే ఉన్నారా వదినా?"

"ఇది ఆఖరి పని. ఇక్కడ తప్పు చేస్తే చేసిందంతా పోతుంది."

"అసలు ఏమిటది, నాకర్థమయ్యేలా చెప్పండి."

ఆమెకు ఉత్సాహం వచ్చింది. అడిగినవాళ్లు అరుదు. "మనం పట్టినప్పుడు మిషను చాలా సన్నగా కొలిచి రాసుకుంటుంది. ఇరవై నాలుగు బిట్లంటారు. డిస్కులో పదహారుకే చోటు. ఎనిమిది కత్తిరించాలి. ఊరికే కత్తిరిస్తే, పాట చివర మీ ఆవిడ గొంతు తగ్గుతుంది చూడు, అక్కడ నూకలు పడ్డట్టు గరగరలాడుతుంది. అది తెలియకుండా కావాలనే పైన కాస్త సన్నటి చప్పుడు చల్లుతారు. అదే డిథర్."

"చప్పుడు పోవడానికి చప్పుడా?"

"అవును."

"బాగానే ఉంది. రెండోదేమిటి?"

"ఆ చల్లిన చప్పుడుని చెవికి ఆనని మూలకి ఊడ్చెయ్యడం. బాగా పై శ్రుతిలోకి, కీచుకి కూడా పైకి. ఎంత గట్టిగా ఊడవాలన్నదే తేలటం లేదు."

"అంటే ఇల్లు ఊడ్చి చెత్త మంచం కిందకి తోసినట్టు."

"అలాగే అనుకో."

"మంచం కింద ఎవరు చూడొచ్చారు వదినా, తోసెయ్యండి" అని అతను డబ్బా బల్ల మీద పెట్టాడు. తలుపు దాకా వెళ్లి, "మీ చెల్లికి ఇవ్వడానికి ఏదో ఒకటి కావాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చుంటోంది" అన్నాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అప్పుడే మూడు డిస్కులు చేసింది. ఒకదానికి షేపింగ్ లేదు, ఒకదానికి మధ్యస్థం, ఒకదానికి ఎక్కువ. ఏది ఏదో చెప్పకుండా ఒకటి, రెండు, మూడు అని మాత్రం రాసి అతని చేతిలో పెట్టింది. "కారులో నువ్వొక్కడివే ఉన్నప్పుడు విను. ఏది బాగుందో చెప్పు. నా చెవులు అలిసిపోయాయి."

మరిది మూడో రోజున మధ్యాహ్నం వచ్చాడు. పొద్దున్నుంచి బండి మీదే ఉన్నాడేమో, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. కుర్చీలో కూలబడి, మంచినీళ్లు తాగి, డిస్కులు తిరిగి ఇచ్చాడు.

"మూడూ ఒకటే వదినా. మూడింట్లోనూ పాము అలాగే ఉంది."

"పామేమిటి?"

అతను గ్లాసు కింద పెట్టాడు. పెట్టినవాడు చెయ్యి దాని మీంచి తియ్యలేదు.

"ఏమిటయ్యా, పామంటావు?"

"ఏం లేదు. ఏదో మాటకి."

"నువ్వు మాటకి అనేవాడివి కాదు. చెప్పు."

అతను తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. చివరికి, "పాట వెనకాల ఒకటే బుస ఉంటుంది వదినా. సన్నగా. స్స్ అని. ఇందులోనే కాదు, మీరు ఇదివరకు చేసిచ్చిన అన్నిట్లోనూ ఉంది. అత్తయ్య తన గొంతుతో పాడిన పాత డిస్కులో మరీ. మేం దాన్ని పాము అంటాం" అన్నాడు.

"మేం అంటే ఎవరెవరు?"

"నేను, మీ చెల్లి. ఎదురింటి వాళ్లు కూడా విన్నారు." కప్పిపుచ్చడం చేతకాక ఇంకా తవ్వుకున్నాడు. "ఒకసారి అత్తయ్య డిస్కు పెట్టుకుని వెళ్తుంటే వెనక సీట్లో ఉన్న ఎదురింటాయన టైరులోంచి గాలి పోతోందని బండి ఆపించాడు. దిగి నాలుగు టైర్లూ తన్ని చూశాడు పాపం. నేనూ దిగి చూసినట్టు నటించాను."

అతను నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"ఆరేళ్ల క్రితం చేశాను ఆ డిస్కు" అంది. "ఆరేళ్లుగా ఒక్కరూ చెప్పలేదే."

"మీ చెల్లి చెప్పొద్దంది."

ఆమె బకెట్లోంచి కాళ్లు తీసి, తుడుచుకోకుండానే చెప్పులేసుకుంది.

చెల్లెలు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. మెడ చుట్టూ పల్చటి నూలు గుడ్డ. ఒళ్లో పిల్లల పరీక్ష కాగితాలున్నాయి. బడికి వెళ్లకపోయినా దిద్దడానికి తెప్పించుకుంటుంది. అక్క ముఖం చూడగానే, వెనకాల మెట్లెక్కి వస్తున్న భర్త ముఖం చూడగానే, ఆమెకు సంగతి అర్థమైపోయింది. కలం మూత పెట్టింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది సీసాలక్క.

చెల్లెలికి నాలుగు మాటలకో ఊపిరి పడుతుంది. "మొదట మిషనే అంతేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. అది నీకు వినబడట్లేదని."

"తెలిస్తే చెప్పాలి కదా."

"ఎలా చెప్పను? బావ పోయాక రెండేళ్లు నువ్వు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మిషను కొన్నాకే..." ఊపిరి అందక ఆగింది. "ఆ మిషను ముందు కూర్చున్నప్పుడే నీ ముఖంలో కళ ఉండేది."

"అందుకని అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. నేను తొమ్మిది రోజులుగా తక్కువా ఎక్కువా అని కొట్టుకు చస్తున్నాను. ఇల్లు కాలిపోతుంటే తలుపుకి రంగు ఏది బాగుంటుందని అడిగినట్టుంది నా బతుకు. చెవిటిదానికి చెప్పేదేముందని ఊరుకున్నారు మీరంతా."

"అలా అనకక్కా."

"ఇంకెలా అనను? నీ గొంతు పోతుందని తెలిసి, ఉన్నది ఉన్నట్టు పట్టుకొమ్మని నాకిచ్చావు. పాము ఉందని తెలిసి కూడా నాకే ఎందుకిచ్చావు?"

చెల్లెలు ఒళ్లోని కాగితాలు కిటికీ గట్టు మీద పెట్టింది. "ఇంకెవరి ముందూ పాడలేను కాబట్టి" అంది.

సీసాలక్క వెనుదిరిగి ఇంటికి వచ్చేసింది. కోపం మెట్లెక్కేదాకా ఉంది. తలుపు తీసేసరికి అది కూడా పోయింది.

మర్నాడు భోజనాల గంట కొట్టగానే ఫ్యాక్టరీ గేటు పక్కనున్న వైద్యశాలకి వెళ్లింది. అక్కడి నర్సమ్మ వయసులో చిన్నది, పనిలో చురుకైనది. చెవులు చూడమంటే ఇరుకు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు పెట్టి, చేతికి మీట ఇచ్చింది. చప్పుడు వినబడితే నొక్కాలి. మొదట్లో సీసాలక్క చకచకా నొక్కింది. తర్వాత ఆగి ఆగి నొక్కింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందేమో, ఈ పిల్ల తలుపు తియ్యడం మరిచిపోయిందేమో అనుకుంటూ కూర్చుంది. అద్దంలోంచి చూస్తే నర్సమ్మ ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది.

బయటికొచ్చాక కాగితం చూపించింది. గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి దిగిపోయింది.

"మామూలు మాటలకి ఇబ్బంది లేదమ్మా. పై శబ్దాలే పోయాయి. సన్నవి, కీచుగా ఉండేవి. సీసాల లైను మీద చేసేవాళ్లకి చాలామందికి ఇంతే."

"ఎప్పటి నుంచి?"

నర్సమ్మ బీరువాలోంచి ఫైలు తీసింది. ఏడాదికొక కాగితం. పోయినేడూ అదే గీత, ముందేడూ అదే గీత. పదేళ్ల కింద కాస్త పైన, అంతే. ప్రతి కాగితం అడుగునా ఆమె సంతకం ఉంది.

"అన్నీ మీకిచ్చాం కదమ్మా."

ఇచ్చారు. ప్రతి ఏడూ మడిచి సంచిలో పెట్టుకుంది. వెంట్రుకంత పగులు పట్టే కన్ను, సంచిలో ఉన్న కాగితం మాత్రం చదవలేదు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చే నారింజ రంగు దూది బిళ్లలు కూడా అంతే. అవి పెట్టుకుంటే పక్కదాని కబుర్లు వినబడవని జేబులోనే ఉంచుకునేది. మరి పక్కదాని కబుర్లు ఏమంత గొప్పవని అప్పుడనిపించింది.

ఆ సాయంత్రం లాప్‌టాప్ తెరిచి, ఈసారి చెవితో కాక కంటితో చూసింది. ఒక్కో పాటకీ ఏడేసి, ఎనిమిదేసి నకళ్లున్నాయి. దగ్గు కత్తిరించి ఒకసారి, కొస సరిచేసి ఒకసారి, పని ముగిసినప్పుడల్లా భద్రం చేసింది. భద్రం చేసిన ప్రతిసారీ, ఎప్పుడో తను పెట్టి మరిచిపోయిన అమరిక ప్రకారం, మిషను పదహారు బిట్లకి కత్తిరించి, డిథర్ చల్లి, షేపింగ్ "ఎక్కువ" పెట్టి ఊడ్చింది. చెల్లెలు పాడిందే చిన్నగా. ఆ చిన్న పాట మీద ఎనిమిదిసార్లు చల్లి, ఎనిమిదిసార్లు పైమూలకి ఊడ్చి, చివర్లో పాటని పెద్దది చేసినప్పుడు మూలనున్న చెత్త కూడా దానితోపాటే పెద్దదైంది. తనకి వినబడని మూల అది. అందుకే అప్పట్లో ఆ అమరిక పెట్టినప్పుడు తనకి ఎక్కువే బాగుందనిపించింది. తొమ్మిది రోజులు కూర్చుని తల బద్దలుకొట్టుకున్నది తొమ్మిదోసారి చల్లే చిటికెడు గురించి.

ఆమె లాప్‌టాప్ మూసి బట్టల కింద పెట్టింది. వారం రోజులు దాని జోలికి పోలేదు. షిఫ్టుకి వెళ్లడం, రావడం, కాళ్లు నీళ్లలో పెట్టుకోవడం, ఆ నీళ్లు పారబోయడం. కూర డబ్బాలు వస్తూనే ఉన్నాయి. మరిది వాటిని గుమ్మం దగ్గర పెట్టి, బెల్లు కొట్టి, ఆమె తలుపు తీసేలోగా కిందికి దిగిపోయేవాడు. ఖాళీ డబ్బాలు ఆమె కడిగి గుమ్మం దగ్గరే పెట్టేది.

ఎనిమిదో రోజున బెల్లు మోగితే తలుపు తీసింది. డబ్బా పట్టుకుని చెల్లెలే నిలబడి ఉంది. మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో మాట రాక, లోపలికి రానిమ్మని చేత్తో సైగ చేసింది.

సీసాలక్క కుర్చీ లాగింది. నీళ్లిచ్చింది.

"మొట్టమొదట పట్టినవి ఉన్నాయా?" అంది చెల్లెలు. "నువ్వు ముట్టుకోనివి."

"రికార్డరు కార్డులో ఉంటాయి. చెరిపెయ్యాలనుకుంటూ బద్ధకించాను."

"నీ బద్ధకం చల్లగుండ. తీసుకురా."

సీసాలక్క కార్డు పెట్టి కుంటి కోడి పాట మొదటి పట్టు తెరిచింది. హెడ్‌ఫోన్లు చెల్లెలికి ఇచ్చింది. చెల్లెలు కళ్లు మూసుకుని వింది. తన పాత గొంతు తనే వింటోంది. ఆమె ముఖంలో ఏం కదులుతోందో చూడలేక సీసాలక్క తెర వైపే చూస్తూ కూర్చుంది. పాట అయిపోయాక చెల్లెలు హెడ్‌ఫోన్లు తీసి, "పాము లేదు" అంది.

"లేదా?"

"వీధిలో ఎవరో బండి తోలారు. నువ్వు కుర్చీ జరిపావు. పాము లేదు."

అలా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం చెల్లెలు మెల్లగా మెట్లెక్కి వచ్చేది. చెయ్యి అక్కది, చెవి చెల్లెలిది. ఎక్కువ మాట్లాడకూడదు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. బాగుంటే చెల్లెలు అరచెయ్యి బల్ల మీద ఆనిస్తుంది, బాగోలేకపోతే వేలు లేపుతుంది. మధ్యలో కత్తిరింపులేవీ పదహారుకి తగ్గించకుండా, ఉన్నవి ఉన్నట్టే భద్రం చెయ్యడం సీసాలక్క ఒంటబట్టించుకుంది. పాత అలవాటు మాటికీ వేళ్లలోంచి తన్నుకొచ్చేది. వచ్చినప్పుడల్లా తనని తాను తిట్టుకునేది. చెల్లెలు నవ్వితే గొంతులోంచి ఊపిరే వచ్చేది.

పని నత్తనడకే నడిచింది. ఒక్కోరోజు ఒక్క పాట కూడా అయ్యేది కాదు. చెల్లెలికి మెడ నొప్పి పుట్టేది, సీసాలక్కకి కూర్చున్నచోటే కన్ను మూతపడేది. ఒకసారి ఇద్దరూ కుర్చీల్లోనే నిద్రపోయారు. సాయంత్రం మరిది వచ్చి తలుపు తడితే చెల్లెలే లేచి తీసింది. సీసాలక్కకి తలుపు తట్టింది కూడా తెలియలేదు.

మూడు వారాలకి పదకొండు పాటలూ తయారయ్యాయి. మళ్లీ అదే పెట్టె తెరుచుకుంది. డిథర్ వెయ్యాలా, వద్దా. షేపింగ్ ఎంత.

"ఇప్పుడు నువ్వే చెప్పాలి" అంది సీసాలక్క. కుంటి కోడి చివరి పది సెకండ్లు నాలుగు రకాలుగా చేసి, ఒక్కొక్కటే వినిపించింది. చెల్లెలు శ్రద్ధగా వింది. రెండోసారి వింది. మూడోసారి హెడ్‌ఫోన్లు చెవులకేసి గట్టిగా అదుముకుని వింది. చెయ్యీ ఆనించలేదు, వేలూ లేపలేదు.

"ఏమిటి?"

"నాకూ తేడా తెలియట్లేదక్కా."

సీసాలక్క ఆమె ముఖంలోకి చూసింది. "నన్ను సముదాయించడానికి కాదు కదా."

"కాదు. ఒట్టు. నాలుగూ ఒకటే."

"కావాలంటే ఇంకోసారి పెడతాను."

"నువ్వు నలభైసార్లు పెట్టినా ఇంతే."

సీసాలక్క ఆ పెట్టెను కాసేపు చూసింది. మామూలు డిథర్ అన్న చోట గుర్తు పెట్టింది, షేపింగ్ "వద్దు" అన్న చోట పెట్టింది, నొక్కింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదు.

డిస్కు చల్లారాక చెల్లెలు సంచిలోంచి మరొకటి తీసి బల్ల మీద పెట్టింది. అది ఆరేళ్లనాటి డిస్కు, వాళ్లమ్మ పాటలది. అమ్మ బతికి ఉండగా ఎవరో క్యాసెట్టు మీద పట్టిన నాలుగు పాటలు. ఆ క్యాసెట్టు ఇప్పుడు లేదు. నకలు తీశాక ప్లేయరులో చుట్టుకుపోయి తెగితే, నకలుంది కదా అని సీసాలక్కే చెత్తబుట్టలో వేసింది. ఈ డిస్కుకి వెనక్కి వెళ్లే దారి లేదు.

"పాముని తియ్యలేమా?" అంది చెల్లెలు.

"తియ్యొచ్చు. ఒక ఎత్తు పైన ఉన్న శబ్దమంతా కోసెయ్యొచ్చు. క్యాసెట్టులో ఆ పైన పెద్దగా ఏముండదు. ఎక్కడ కొయ్యాలో నువ్వే చెప్పాలి."

పాట పెట్టింది. కోత గీతను పై నుంచి కొంచెం కొంచెం కిందికి దించుకుంటూ వచ్చింది. చెల్లెలి వేలు లేచే ఉంది. ఇంకా దించింది. వేలు సగం వాలింది. ఇంకొంచెం దించగానే అరచెయ్యి బల్లకి ఆనింది.

"పోయింది" అంది చెల్లెలు. అని, వెంటనే మళ్లీ వేలు లేపింది. "ఆగు. ఇంకేదో కూడా పోయింది."

"ఏం పోయింది?"

"పైకి జరుపు." సీసాలక్క గీతను పైకి జరిపింది. చెల్లెలు వింటూ, "ఆ, ఇదీ. గాజులు" అంది.

"ఏం గాజులు?"

"అమ్మవి. ఏదో పని చేస్తూ పాడింది కదా. పాట పొడుగునా గాజులు మోగుతున్నాయి."

సీసాలక్కకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆ క్యాసెట్టు నకలు తీసింది తను. ఆ నాలుగు పాటలూ ఎన్ని వందలసార్లు విందో లెక్క లేదు. అమ్మ గొంతు, వెనక కాకి, తలుపు కిర్రుమనడం, అన్నీ తెలుసు. గాజుల సంగతి ఎన్నడూ తెలియదు.

"అంతా మోగుతాయా?"

"అంతా. ఆగి ఆగి. చెయ్యి కదిపినప్పుడల్లా."

"మట్టి గాజులా?"

"మట్టివే. ఇంకేముంటాయి అమ్మకి."

సీసాలక్క హెడ్‌ఫోన్లు తీసుకుని తను పెట్టుకుంది. శబ్దం పెంచింది. ఊపిరి బిగబట్టి వింది. అమ్మ గొంతు వచ్చింది. కాకి వచ్చింది. తీసి చెల్లెలికి ఇచ్చేసింది.

"పాముని తీస్తే గాజులు పోతాయి. గాజులుంటే పాము ఉంటుంది. అంతేనా?"

చెల్లెలు తలూపింది.

"నీ ఇష్టం. ఉన్నా పోయినా నాకు ఒకటే."

"ఉండనీ" అంది చెల్లెలు. "పాముని ఇన్నాళ్లూ పెంచుకున్నాం. ఉండనీ."

సీసాలక్క కోత తీసేసింది. డిస్కుని ఉన్నది ఉన్నట్టు వదిలేసింది. లాప్‌టాప్ మూయబోయి ఆగి, "ఎక్కడెక్కడ మోగుతాయో చూపించు" అంది.

చెల్లెలు ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని, రెండోది అక్క చెవికి ఆనించి, అక్క మణికట్టు తన ఒళ్లోకి తీసుకుంది. పాట మొదలైంది. గాజులు మోగిన చోటల్లా ఆ మణికట్టు మీద వేలితో మెల్లగా తట్టింది. ఒకసారి. కాసేపటికి రెండుసార్లు, వెంటవెంటనే. అమ్మ రెండో చరణం ఎత్తుకున్నప్పుడు గబగబా నాలుగైదు. చివర పాట నెమ్మదించాక చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి.

నాలుగు పాటలూ అలాగే విన్నారు. అయ్యేసరికి చెల్లెలి ముఖం పాలిపోయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది.

"చాలు, అలిసిపోయావు. కాసేపు నడుం వాల్చు" అంది సీసాలక్క.

"ఆయన వస్తారు."

"వస్తే బెల్లు కొడతాడు. నీకు వినబడుతుంది కదా."

చెల్లెలు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. వెనక గదిలో గోడలకు బొంతలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అవి తీసి, దులిపి, మడతపెట్టాలి. మర్నాడు పొద్దున్న ఆరింటికి షిఫ్టు. సీసాలక్క వాటి వంక ఒకసారి చూసింది. తర్వాత తలుపు గడియ వెయ్యకుండా దగ్గరగా వేసి, చెల్లెలి పక్కన మిగిలిన చోట్లో తనూ ఒత్తిగిలి పడుకుంది. కిటికీలోంచి ఎండ ఇంకా వాళ్ల కాళ్ల మీద పడుతోంది.